ఆటకొక బిళ్ళ

ఈ శీర్షికలో మనము సాధారణంగా యంత్రాలను గురించి, వాటి వెనుకనున్న లెక్కలను గురించి ముచ్చటించుకొంటూ ఉంటాము. ఈ మాసం ఒక ఆటయంత్రాన్ని ఎన్నుకొన్నాము. ఉద్యోగుల పత్రికలో ఆటల ప్రసక్తి ఏమిటని పెద్దలు నొసలు చిట్లించవచ్చును. కానీ మన క్వార్టర్లలో నేడు తండ్రి జేబుకు, పిల్లవాని చేతిలోని ఫోనుకు మధ్య ప్రతి సాయంత్రం జరుగుతున్న తగవు ఈ యంత్రం దగ్గరే మొదలైనది. "ఇంకొక్క ఆట నాన్నా, పది రూపాయలే" అన్న మాట వినని ఇల్లు ఇప్పుడు అరుదు. ఆ పది రూపాయలు దేనికి ఇస్తున్నాము? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

పిన్‌బాల్ అనే ఆటను చూడనివారి కోసం రెండు మాటలు. అద్దం క్రింద ఏటవాలుగా అమర్చిన బల్ల. బల్లమీద స్తంభాలు, గంటలు, దీపాలు. స్ప్రింగు లాగి వదలగానే ఉక్కు గోళీ పైకి పోయి, వాటికి తగులుతూ క్రిందికి దొర్లుతుంది. అడుగున రెండు చిన్న రెక్కలు ఉంటాయి. బటన్లు నొక్కి, ఆ రెక్కలతో గోళీని మరల పైకి కొట్టాలి. గోళీ రెక్కల నడుమనుండి జారిపోతే ఆ గోళీ పోయినట్లే. ఇంతే ఆట.

1931లో అమెరికాలోని గాట్లీబ్ కంపెనీ 'బాఫిల్ బాల్' అనే యంత్రాన్ని విడుదల చేసినప్పుడు ఒక్క సెంటుకే ఆడనిచ్చేవారు. అప్పటికి రెక్కలు లేవు. అదే కంపెనీ 1947లో 'హంప్టీ డంప్టీ' యంత్రంలో రెక్కలను అమర్చిన తరువాతనే ఈ ఆటలో అదృష్టం పాలు తగ్గి, నేర్పు పాలు పెరిగినది. అయినను న్యూయార్కు నగరం 1942లో దీనిని జూదమని నిషేధించి, 1976 వరకు ఆ నిషేధాన్ని ఎత్తివేయలేదు.

బిళ్ళ మారదు, ఆట మారుతుంది

ఇంజనీరు దృష్టితో చూచినప్పుడు ఈ యంత్రంలో మిక్కిలి ఆసక్తికరమైన భాగం రెక్కలు కావు, బిళ్ళ వేసే సందు. ఆ సందు ఒక నిర్ణీత వ్యాసం, మందం, బరువు గల బిళ్ళనే ఆమోదిస్తుంది. పాతిక సెంట్ల బిళ్ళకు అమర్చిన యంత్రంలో ఇరవైయేడు సెంట్లు వసూలు చేయుట కుదరదు. ధరలు పెరుగుతున్న కాలంలో యజమాని ఏమి చేయాలి? బిళ్ళను మార్చలేడు కనుక ఆటను మార్చుతాడు. మొదట ఒక బిళ్ళకు ఐదు గోళీలు ఇచ్చేవారు. 1970వ దశకం చివరికి మూడు గోళీలే వాడుకలోకి వచ్చినవి. బల్ల ఏటవాలు సుమారు ఆరున్నర డిగ్రీలు. వెనుక కాళ్ళను కొంచెం పైకి తిప్పితే గోళీ వడి పెరిగి ఆట త్వరగా ముగుస్తుంది. ప్రక్క దారుల వద్దనున్న చిన్న స్తంభాన్ని ఒక రంధ్రం అవతలికి జరిపితే గోళీ జారిపోయే సందు వెడల్పవుతుంది. సబ్బు ధర పెంచకుండా బిళ్ళను సన్నగా చేసిన విధమే ఇది.

కంప్యూటరు చిప్పులు యంత్రంలో చేరిన తరువాత ఈ సర్దుబాటు మరింత సూక్ష్మమైనది. ఒక నిర్ణీత స్కోరు దాటినవారికి ఒక ఆట ఉచితంగా ఇచ్చుట పిన్‌బాల్ సంప్రదాయం. ఆటగాళ్ళ నేర్పు పెరిగి ఉచిత ఆటలు ఎక్కువైతే, యంత్రమే ఆ స్కోరును పైకి జరుపుకొంటుంది. నూటికి ఎన్ని ఆటలు ఉచితంగా పోవాలో యజమాని ముందుగా నిర్ణయిస్తే చాలును. ఆవిరి యంత్రం వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నరు వంటిదే ఇది. ఇక్కడ నిలకడగా ఉండేది యజమాని ఆదాయం.

ఇంత జరిగినను ఆటగాళ్ళు బిళ్ళ వేయుటకు పెద్దగా సణగలేదు. అందుకు కారణాలు కంటికి కనిపించేవి. గోళీ రబ్బరును అరగదీస్తుంది, దీపాలు మాడిపోతాయి, రెక్కల కాయిలు కాలిపోతాయి. యంత్రం పెట్టిన దుకాణదారుకు వాటా ఇవ్వాలి. అన్నింటికంటె ముఖ్యం, ఒకరు ఆడుతుండగా ఇంకొకరు నిలబడి ఎదురుచూడాలి. వాడినకొద్దీ అరిగే వస్తువుకు, వరుస ఉన్న వస్తువుకు వాడినంత ధర చెల్లించుట న్యాయమే. పైగా ఆ వరుసలో నిలబడి ఆరితేరినవాని ఆటను చూచుట ఉచితం. సగం విద్య అక్కడే అబ్బేది.

అరగని గోళీకి అద్దె ఎందుకు?

మన కార్యాలయాలలో చాలామందికి పిన్‌బాల్ పరిచయమైనది యంత్రం ద్వారా కాదు, కంప్యూటరు ద్వారా. 1995లో విండోస్ 95కు అనుబంధంగా వచ్చిన 'స్పేస్ క్యాడెట్' అనే పిన్‌బాల్ ఆటను తరువాత విండోస్ ఎన్‌టీ, 2000, ఎక్స్‌పీలలో మైక్రోసాఫ్టువారు చేర్చియే ఇచ్చారు. కలకత్తాలోని మా విభాగంలో భోజన విరామమున టిఫిను డబ్బా ప్రక్కనే ఆ గోళీ దొర్లుతూ ఉండేది. అప్పుడు మేము గమనించిన విషయం ఒకటున్నది. మొదటి గోళీ త్వరగా పోతే చాలు, మా మిత్రులు మిగిలిన రెండు గోళీలు ఆడేవారు కాదు. ఎఫ్2 మీట నొక్కి కొత్త ఆట మొదలుపెట్టేవారు. బిళ్ళ వేసి ఆడేవాడు అట్లా చేయడు. అతడు చివరి గోళీని కంటికి రెప్పవలె కాపాడుకొంటాడు. కనుక ఆటకొక బిళ్ళ అనే పద్ధతిని పూర్తిగా తీసివేయలేము. ఆ బిళ్ళ ఆటకు ఒక బరువును ఇస్తుంది. ఈ మాట ఎదుటి పక్షానికి న్యాయం చేయుటకై ముందే చెబుతున్నాము.

ఇక అసలు తగవు. 2010 మార్చిలో మైక్రోసాఫ్టు తన ఎక్స్‌బాక్స్‌లోను, కంప్యూటర్లలోను 'గేమ్ రూమ్' అనే పథకాన్ని తెచ్చినది. అందులో పిన్‌బాల్ కాదు, దాని పొరుగున ఉండే పాత వీడియో ఆటలు ఉండేవి. ఒక్కసారి ఆడుటకు అర డాలరు. ఒకచోట శాశ్వతంగా ఆడుకొనుటకు మూడు డాలర్లు, రెండుచోట్ల అయితే ఐదు డాలర్లు. లెక్క సులభం. ఆరు ఆటల డబ్బుతో ఆట మొత్తం మన సొంతం. ఎప్పుడో ఒకసారి జ్ఞాపకార్థం ఆడేవారికి అర డాలరు చవక. నిత్యం ఆడేవారికి అది దండుగ. ఆటగాళ్ళలో ఎక్కువమంది అడిగిన ప్రశ్న మాత్రం లెక్కకు సంబంధించినది కాదు. యంత్రం నాది, కరెంటు బిల్లు నాది, గది నాది. ఇక్కడ అరిగే రబ్బరు లేదు, వెనుక నిలబడినవాడు లేడు. మరి ఈ బిళ్ళ ఎవరి ఖర్చుకు?

విద్యుత్ రంగం తెలిసినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇంగ్లండులో జాన్ హాప్కిన్సన్ అనే ఇంజనీరు 1892లోనే దీనిని విడదీసి చూపారు. విద్యుత్ కేంద్రానికి రెండు రకాల ఖర్చులు. యంత్రాలు, తీగలు సిద్ధంగా ఉంచుటకు అయ్యేది ఒకటి. బొగ్గు కాల్చినకొద్దీ అయ్యేది రెండవది. మొదటిదానిని స్థిర రుసుముగాను, రెండవదానిని యూనిట్ల లెక్కనను వసూలు చేయుట సబబు. నేటికీ మన కరెంటు బిల్లులో ఈ రెండు వరుసలు కనిపిస్తాయి. ఈ కొలబద్దతో చూస్తే కంప్యూటరు పిన్‌బాల్‌లో ఖర్చంతా మొదటి రకమే. బల్లను తయారుచేయుటకు నెలల శ్రమ, పాత యంత్రాల హక్కుదారులకు చెల్లింపు, ఇవి ఉన్నవి. ఆ తరువాత వెయ్యవ ఆటకు కాలే బొగ్గు దాదాపు ఏమీ లేదు. బొగ్గు లేనిచోట మీటరు పెట్టినప్పుడే వాడుకరికి ఒళ్ళు మండుతుంది.

ఇంకొక అన్యాయం కూడ దీనిలో దాగి ఉన్నది. కొత్తగా నేర్చేవాని గోళీ నిమిషంలో జారిపోతుంది. ఆరితేరినవాడు ఒక్క బిళ్ళతో అరగంట ఆడుతాడు. నిమిషానికి ఎంత పడినదని లెక్క వేస్తే, చేతకానివాడే ఎక్కువ చెల్లిస్తున్నాడు. వెనుకటి దుకాణంలో అతనికి ఇతరుల ఆట చూచే అవకాశమైనా ఉండేది. ఇంట్లో ఒంటరిగా ఆడేవానికి ఆ పాటి ఊరట లేదు.

ఆటగాళ్ళు పిసినారులని అనుకొనుట మాత్రం పొరపాటు. 2012లో ఫార్‌సైట్ అనే సంస్థ 'పిన్‌బాల్ ఆర్కేడ్' పేరిట నిజమైన పాత యంత్రాలను కంప్యూటరు బల్లలుగా మలచుట ప్రారంభించినది. ప్రతి బల్లను ఒక నిర్ణీత స్కోరు వరకు ఊరకే ఆడి చూడవచ్చును. నచ్చితే కొనవచ్చును. 'ట్విలైట్ జోన్' అనే ప్రసిద్ధ యంత్రానికి హక్కుల ఖర్చు ఎక్కువని చెప్పి, ఆ సంస్థ ఆటగాళ్ళనే చందా అడిగినది. 55 వేల డాలర్ల లక్ష్యానికి మించి వారు ముందుగానే పంపారు. ఖర్చు ఏమిటో, ఎందుకో విప్పి చెప్పినప్పుడు అర డాలరుకు సణిగేవారు కూడ నోటు తీశారు. అయితే 2018 జూన్ 30తో విలియమ్స్, బాలీ యంత్రాలపై ఆ సంస్థకున్న హక్కులు ముగిసినవి. ఆ తేదీకి ముందు కొన్నవారికి బల్లలు మిగిలినవి. తరువాత వచ్చినవారికి అవి అమ్మకంలో లేవు. ఆ హక్కులు జెన్ స్టూడియోస్ అనే హంగేరీ సంస్థకు చేరినవి. ఆ సంస్థ 2022, 2023లలో తన ఆటను కొత్త సాఫ్ట్‌వేరుపై తిరిగి నిర్మించి విడుదల చేసినప్పుడు, పాత దానిలో కొన్న బల్లలు కొత్త దానిలోకి రాలేదు. మరల కొనాలి, లేదా చందా కట్టాలి. పునర్నిర్మాణానికి శ్రమ అయినదన్నది సంస్థ వాదన. ఒకే ఇంటికి రెండుసార్లు రిజిస్ట్రేషను రుసుమా అన్నది ఆటగాళ్ళ బాధ. రెండింటిలోను కొంత నిజమున్నది.

కలకత్తా నేర్పిన పాఠం

ఈ సంగతులన్నీ ఎక్కడో అమెరికాలో, హంగేరీలో జరిగినవని అనుకోనక్కర లేదు. వాడకానికి ఇంతని వసూలు చేసే పద్ధతిపై జనం ఎట్లా స్పందిస్తారో తెలుసుకొనుటకు మనమున్న ఈ కలకత్తా నగరాన్ని మించిన పాఠశాల లేదు.

1953 జూలై 1న ఇక్కడి ట్రాం కంపెనీ రెండవ తరగతి ఛార్జీని ఒక్క పైసా పెంచినది. అప్పటికి దశాంశ నాణేలు రాలేదు. రూపాయికి అరవైనాలుగు పైసలు. కంపెనీ లండనుది. ఆ ఒక్క పైసా కోసం నగరం నెల రోజులు అట్టుడికినది. పాత ఛార్జీనే ఇస్తామని ప్రయాణికులు పట్టుపట్టారు. ప్రతిఘటన సంఘం ఏర్పడినది. హర్తాళ్ళు జరిగినవి, ట్రాములు తగులబడినవి, లాఠీలు లేచినవి. ఆ నెలాఖరుకు పెంపును నిలిపివేయక తప్పలేదు. పిల్లల ఆటకు, ఇంత పెద్ద ఉద్యమానికి ముడిపెట్టుట బోడిగుండుకు మోకాలికి ముడిపెట్టినట్లుందని కొందరు అనవచ్చును. రెండింటి బరువు ఒకటి కాదని మాకును తెలియును. ట్రాము ఎక్కనివాడు పనికి పోలేడు, పిన్‌బాల్ ఆడనివానికి పూట గడవకపోదు. కానీ మనిషి మనస్సు లెక్కించే తీరు రెండుచోట్ల ఒకటే. పైసా చిన్నదే. అది రోజుకు రెండుసార్లు, ప్రతిరోజు, అడగకుండా తీసుకొనేది. కొద్ది మొత్తమే కదా అని ధర నిర్ణయించేవాడు అనుకొంటాడు. ఎన్నిసార్లు అని చెల్లించేవాడు లెక్కిస్తాడు.

రెండవ పాఠం సెల్‌ఫోను నేర్పినది. 1995 జూలై 31న ముఖ్యమంత్రి జ్యోతిబసు ఇక్కడి రైటర్స్ బిల్డింగ్ నుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ అదే. ఆ రోజులలో మాట్లాడినవారికే కాదు, విన్నవారికి కూడ నిమిషానికి ఇంతని రుసుము పడేది. జనం ఉద్యమం చేయలేదు. 'మిస్డ్ కాల్' కనిపెట్టారు. ఒకసారి మ్రోగితే బయలుదేరినట్లు, రెండుసార్లు మ్రోగితే ఇల్లు చేరినట్లు. ఒక్క పైసా చెల్లించకుండా సందేశం చేరిపోయేది. మీటరు పెట్టినచోట మనిషి తెలివి మీటరును తప్పించుకొనుటకే ఖర్చవుతుంది. 2003లో వచ్చే కాల్స్‌పై రుసుము తొలగినది. తరువాత నెలకింతని చెల్లించే పద్ధతి స్థిరపడినది. మన పిల్లలకు ఇప్పుడు మిస్డ్ కాల్ భాష అర్థం కాదు.

మూడవ పాఠం పార్కులది. సాల్ట్‌లేక్‌లో 1991లో నిక్కో పార్కు తెరచినది మొదలు, అటువంటి చోటికి పిల్లలను తీసుకొనిపోయిన ప్రతి తల్లిదండ్రులకు ఒకటే మీమాంస. ఒక్కొక్క ఆటకు టికెట్టా, అన్నింటికీ కలిపి ఒకటేనా? అమెరికాలోని డిస్నీలాండ్ 1955 నుండి ఆటల స్థాయినిబట్టి వేరువేరు టికెట్ల పుస్తకాలు అమ్మి, 1982లో వాటిని మాని ఒకే ప్రవేశ రుసుముకు మారినది. ఈ మీమాంసపైననే వాల్టర్ ఓయి అనే ఆర్థికశాస్త్రవేత్త 1971లో ఒక ప్రసిద్ధమైన పత్రం వ్రాశారు. తల్లిదండ్రుల అనుభవం ఇంకా సూటిగా చెబుతుంది. ఆటకొక టికెట్టు అయినప్పుడు తండ్రి మనస్సు పర్సుమీద ఉంటుంది, పిల్లల మనస్సు తండ్రి ముఖంమీద ఉంటుంది. ఒకేసారి చెల్లించిన రోజున ఇద్దరి మనస్సు ఆటమీద ఉంటుంది. ఖర్చు అదే కావచ్చును, కొంచెం ఎక్కువ కూడ కావచ్చును. అయినను చాలామంది రెండవదానినే కోరుకొంటారు. అది లెక్క తెలియనితనం కాదు. మాటిమాటికి లెక్క చూచుకొనే శ్రమకు కూడ ఒక ధర ఉన్నదని వారికి తెలియును.

రుసుము వేరు, పందెం వేరు

ఇక్కడ ఒక భేదాన్ని ఇంటింటా స్పష్టంగా తెలుసుకొనుట అవసరం. ఆడుటకు చెల్లించేది రుసుము. గెలిస్తే తిరిగి వస్తుందని ఒడ్డేది పందెం. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారి విషయమై మన సుప్రీంకోర్టు 1967లో తీర్పు ఇస్తూ, రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అన్నది. ఆటగాళ్ళ వద్ద క్లబ్బు తీసుకొన్న రుసుము సంగతి కూడ ఆ వ్యాజ్యంలో విచారణకు వచ్చినది. వసతికి తగిన రుసుము తీసుకొన్నంత మాత్రాన అది జూదగృహం కాదని న్యాయస్థానం భావించినది. ఆ తరువాత ఫోనులో పందెపు ఆటలు ముంచెత్తగా, డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ, అది నేర్పా అదృష్టమా అనే వాదనతో నిమిత్తం లేకుండా, డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించదలచినది. కేవలం ఆడుకొనుటకు చెల్లించే చందాను, ప్రవేశ రుసుమును ఆ చట్టం పందెంగా పరిగణించలేదు. కనుక పిల్లవాడు పిన్‌బాల్ బల్లను కొన్నాడని కంగారుపడనక్కర లేదు. డబ్బు తిరిగి వస్తుందనే ఆశ చూపే ఆటకు, ఆ ఆశ లేని ఆటకు గల తేడాను మాత్రం వానికి చెప్పవలసినది మనమే.

ఇక మిగిలినది ఇంటి బడ్జెటు. పిల్లలు ఏదైనా ఆటకు డబ్బు అడిగినప్పుడు కొట్టివేయుటకు ముందు, తెచ్చి ఇచ్చుటకు ముందు, మూడు ప్రశ్నలు అడిగి చూడవచ్చును. ఒకటి, ఈ డబ్బు ఒక్కసారి చెల్లించేదా, మాటిమాటికి చెల్లించేదా? మాటిమాటికి అయితే ఎన్ని ఆటలకు అది కొనుగోలు ధరతో సమానమవుతుందో పిల్లవాని చేతనే కాగితంమీద లెక్క కట్టించాలి. రెండు, కొన్నది మనదగ్గర మిగులుతుందా, లేక వారి హక్కుల గడువుతో ముగిసిపోతుందా? మూడు, మనము చెల్లించినకొద్దీ ఆట సులువవుతున్నదా? అవుతున్నదంటే ఆ బల్ల కాళ్ళు ఎవరో కావాలనే పైకి తిప్పి ఉంచారన్నమాట. పాత యంత్రంలో ఆ ఏటవాలును స్పిరిట్ లెవెల్ పెట్టి చూచుకొనే వీలుండేది. ఫోనులో దాగిన ఏటవాలును పట్టుకొనుటకు ఈ ప్రశ్న ఒక్కటే సాధనం.

నెలకు ఇంత అని ఒక చిన్న మొత్తాన్ని పిల్లల పేర ముందుగా నిర్ణయించి, దానిలో ఏమి చేసుకొన్నా అడగకుండుట మేలని మా అభిప్రాయం. ప్రతి ఆటకు చేయి చాచవలసిన పని ఉండదు, ప్రతి ఆటకు మనము ముఖం ముడుచుకొనవలసిన పని ఉండదు. ఆ మొత్తం నెల మధ్యలో అయిపోతే మిగిలిన రోజులు ఊరకుండుట కూడ ఒక విద్యయే. చివరి గోళీని జాగ్రత్తగా ఆడుట అప్పుడే వస్తుంది.